ఆవిడ కుర్చీ

మూడేళ్ళపాటు మా ఇంట్లో ఒక లౌడ్ స్పీకరు గురించి తగువు నడిచింది. తగువంటే గిన్నెలు విసురుకోవడమూ, పుట్టింటికి ప్రయాణం కట్టడమూ అనుకునేరు. అల్లాంటిదేమీ లేదు. నలభై యేళ్ళు కాపరం చేసినవాళ్ళ తగువులకి చప్పుడుండదు. సాయంత్రం ఏడు గంటలకి నేను హాల్లో పాట పెడతాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. అంతే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి అందులో విశేషమేమీ కనిపించదు. నాకు మాత్రం పాట ఎంత పెద్దగా మోగుతున్నా ఆ తలుపు చప్పుడు వినబడుతూనే వుండేది.

మొదట్నించీ చెబుతాను.

రిటైరయిన తరవాత నాకంటూ నేను కొనుక్కున్న వస్తువు ఒకటే. ఒక జత లౌడ్ స్పీకర్లు, వాటికొక ఆంప్లిఫయరు. "నాకంటూ" అనడం కూడా పూర్తిగా నిజం కాదు. మా ఆవిడ పెళ్ళికి ముందు ఏడేళ్ళు సంగీతం నేర్చుకుంది. వర్ణాలు పూర్తయి కృతుల్లో పడేవేళకి పెళ్ళయింది. ఆ తరవాత అత్తగారు, ఆడబడుచులు, పిల్లలు, నా బదిలీలు. ఆ వరస మీకు తెలియంది కాదు. "రిటైరయాక ఇద్దరం తీరిగ్గా కూర్చుని విందాం" అని ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడతో అంటూ వచ్చాను. ఆ మాట చెల్లించుకోడానికే కొన్నాను.

కాకినాడలో మా హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 12. స్పీకర్లు రెండూ తూర్పు గోడ మూలల్లో పెట్టించాను. వాటికెదురుగా పడమటి గోడకి ఆనించి ఆవిడ కుర్చీ. అది పేము కుర్చీ. వాళ్ళ నాన్నగారు వాడింది. ఇల్లు కట్టిన దగ్గిరనించీ అది ఆ గోడ దగ్గిరే వుంది, దాన్ని కదపడానికి మా ఇంట్లో ఎవరికీ అధికారం లేదు. దానికి నాలుగైదడుగుల ముందుగా, కిటికీ వారన నా పడక్కుర్చీ.

మొదటిరోజే నాకొక లోపం కనిపించింది. గాత్రం నిర్మలంగా వుంది. వయొలిను ఎదటే కూర్చుని వాయిస్తున్నట్టుంది. మృదంగం మాత్రం పల్చగా వుంది. కుడివైపు వేళ్ళు బాగానే పలుకుతున్నాయి గాని, ఎడమవైపు తొప్పి మీద చెయ్యి పడ్డప్పుడు రావలసిన ఆ నిండు ధ్వని రావటం లేదు. ఆంప్లిఫయరు మీద అడుగు స్వరాలు పెంచడానికీ తగ్గించడానికీ 'బాస్' అని ఒక మర వుంటుంది. దాన్ని కొంచెం తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. గడియారంలో అయితే 12 గంటల దగ్గిర వుండవలసిన గుర్తు 3 గంటల దగ్గిరకి వచ్చాక నా ప్రాణం కుదుటపడింది.

ఆవిడ ప్రాణం అప్పుడే లేచిపోయింది.

"ఏవండీ, కాస్త తగ్గిద్దురూ. గుండెల మీద పొత్రం దొర్లిస్తున్నట్టుంది" అంది.

"చాలకనే కదా పెంచుతున్నాను!"

"చాలకపోవడమేమిటి? ఆ గుంయ్ మనే మోతలో మాట కూడా తెలియడం లేదు."

ఇద్దరం ఒకే గదిలో, నాలుగడుగుల ఎడంలో కూర్చుని, ఒకే పాట వింటున్నాం. ఒకరు లేదన్నదాన్ని రెండోవారు ఎక్కువైందంటున్నారు. అల్లాంటప్పుడు ఎవరో ఒకరి చెవిలో దోషం వుండాలి కదా? నా చెవిలో లేదని నాకు తెలుసు. తన చెవిలో లేదని ఆవిడకి తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది. తరవాత క్యాసెట్టు సంగతి వచ్చింది.

1984లో మా అత్తగారు పాడిన మంగళహారతులని మా బావమరిది ఒక క్యాసెట్టు మీద పట్టాడు. ఎవరిదగ్గిరో మంచి టేప్ రికార్డరూ, విడి మైకూ ఎరువు తెచ్చి, తల్లి పాడుతూంటే పక్కన తను మృదంగం వాయించాడు. తొప్పికి తడిపిన రవ్వ అద్ది శ్రుతి చేసుకుంటున్నాడు కాబోలు, "హారతిపాటకి నీ మృదంగమెందుకురా, అబ్బీ!" అని మా అత్తగారన్న మాట కూడా అందులో పడింది. మరుసటేడు ఆవిడ పోయారు. క్యాసెట్టు ట్రంకుపెట్టెలో పట్టుచీరెల అడుగున వుండిపోయింది. హైదరాబాదులో వున్న మా అబ్బాయి దాన్ని పట్టుకెళ్ళి కంప్యూటరులోకి ఎక్కించి పంపాడు. మా ఆవిడ పుట్టినరోజు నాడు ఆవిడకి చెప్పకుండా, పేము కుర్చీలో కూర్చోబెట్టి, పెట్టాను.

ఒక్క నిమిషం విన్నది. లేచి నిలబడింది. "అది మా అమ్మ గొంతు కాదండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎంత ముచ్చటపడి చేయించాను! నాకు వొళ్ళు మండింది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "నువ్వు సంగీతం నేర్చుకున్నావు గాని వినడం నేర్చుకోలేదు" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. అప్పట్నించే ఆ తలుపు.

మొన్న వేసంగి సెలవుల్లో ఆ స్పీకర్లకి ఇంకో జబ్బు పట్టుకుంది. మృదంగం గట్టిగా మోగినప్పుడల్లా ఎక్కడో గిలకలా గలగలమంటోంది. "ఇంకేముంది, వూఫరు చెడిపోయింది" అనుకున్నాను. వూఫరంటే పెట్టెలో అడుగున వుండే పెద్ద గరాటు, అడుగు స్వరాలు పలికేది. పైన వుండే చిన్నది ట్వీటరు, అది పై స్వరాలు పలుకుతుంది. చెడిపోయిందంటే నాకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. తప్పు స్పీకరుదని తేలితే నాదీ కాదు, ఆవిడదీ కాదు కదా!

సెలవులకి వచ్చిన మా మనవరాలు తొమ్మిదో తరగతి. దాని పుస్తకంలో ధ్వని పాఠం వుందిట. "నేను చూస్తాను తాతయ్యా" అని సెల్ ఫోను పట్టుకుని అసిస్టెంటుగా చేరింది.

లౌడ్ స్పీకరంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. కాగితంతోనో, అల్లాంటి తేలిక వస్తువుతోనో చేసిన గరాటు. దాని మొదట్లో సన్నని తీగచుట్ట. ఆ చుట్ట ఒక అయస్కాంతం సందులో వుంటుంది. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతున్న కొద్దీ గరాటు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, గాలిని నెడుతుంది. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఈ ఏర్పాటుని ప్రకటించారు. ఎన్ని మెరుగులు దిద్దినా ఈనాటికీ మూలం అదే. మనిషి చెవికి సెకనుకు 20 కంపనాలనించి 20,000 దాకా వినబడుతుందంటారు. మంచి స్పీకరు ఆ మేరకి అన్ని స్వరాలనీ ఒక్కలాగే పలకాలి. బంతిలో వడ్డించేవాడిలా, ఒకరికి గరిటెడూ ఒకరికి చెంచాడూ వెయ్యకూడదు. వేస్తే మృదంగం పొంగుతుంది, గొంతు మునుగుతుంది, లేకపోతే రెండూ తారుమారవుతాయి.

మొదట మేం చేసిన పని ఎడమ స్పీకరు తీగలు కుడివైపుకీ, కుడివి ఎడమవైపుకీ మార్చడం. స్పీకరులోగాని ఆంప్లిఫయరులోగాని దోషం ఒక వైపే వుంటే, తీగలు మార్చినప్పుడు ఆ దోషం ఎటు వెళ్ళిందో చూసి దొంగని పట్టుకోవచ్చు. మా దోషం ఎటూ వెళ్ళలేదు.

రెండోది, టార్చిలైటులో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని, ఎర్ర కొసని దాని బొడిపెకీ నల్ల కొసని అడుక్కీ తాకించడం. గరాటు ముందుకి గెంతితే తీగలు సరిగ్గా వున్నట్టు. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ గెంతితే తీగలు ఒకవైపు తిరగబడ్డట్టు. అప్పుడు ఒకటి గాలిని నెడుతూంటే రెండోది లాక్కుంటుంది, అడుగు స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఇంటికి సున్నాలు వేయించి మళ్ళీ తీగలు తగిలించుకున్న చాలామంది ఇళ్ళలో ఈ పొరపాటే వుంటుంది. మా రెండూ ముందుకే గెంతాయి.

మూడోది, గరాటుని నాలుగువేళ్ళతో సమంగా, మెల్లిగా లోపలికి నొక్కి చూశాం. లోపల తీగచుట్ట రాసుకుంటూంటే గరగరమంటుంది. అనలేదు. గరాటు చుట్టూ వుండే మెత్తని అంచు కొన్నిటికి ఫోముతో చేస్తారు, మన ఉక్క గాలిలో అది కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది. మాది రబ్బరు అంచు, నిక్షేపంగా వుంది.

ఇంతలో మనవరాలు గలగల ఎక్కడినించి వస్తోందో కనిపెట్టింది. స్పీకరులోంచి కాదు. గోడ అలమారు అద్దం తలుపు వదులై, లోపలున్న కొండపల్లి బొమ్మల అంబారీ ఏనుగుని తాకుతోంది. మడత పెట్టిన కాగితం ముక్క ఒకటి తలుపు సందులో దోపింది. గలగల ఆగింది. నాకప్పుడే బుద్ధి రావలసింది. స్పీకరు జబ్బనుకున్నది స్పీకరులో లేదని ఒక్కసారి తేలింది కదా! రాలేదు.

నాలుగోది ట్వీటరు. మనవరాలి ఫోనులో ఒక సాధనం వుంది. సెకనుకు ఎన్ని కంపనాలు కావాలంటే అన్ని కంపనాల స్వరాన్ని పలికిస్తుంది. దాన్ని ఆంప్లిఫయరుకి తగిలించి వెయ్యి, రెండువేలు, అయిదువేలు అంటూ పైకి పోయాం. తొమ్మిదివేలు దాటాక నిశ్శబ్దం.

"చూశావా! ట్వీటరు కాలిపోయింది" అన్నాను.

"అయ్యో, ఆపు తాతయ్యా!" అని అది రెండు చెవులూ మూసుకుంది. అప్పుడు పధ్నాలుగువేల దగ్గిర మోగుతోందిట. ట్వీటరు బాగానే వుంది. వయస్సు మీదపడ్డ కొద్దీ చెవికి పై స్వరాలు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి. అది అందరికీ జరిగేదే. "నా చెవిలో దోషం లేదు" అని మూడేళ్ళకిందట నేనన్న మాట నాకు జ్ఞాపకం వచ్చింది. మనవరాలికి చెప్పలేదనుకోండి.

ఇక మిగిలినవి అడుగు స్వరాలు. ఫోనులోనే చప్పుడు కొలిచే మీటరు కూడా వుంది. అడుగు స్వరాలని ఫోను మైకు సరిగ్గా కొలవదు. అయినా ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తెలుసుకోడానికి పనికొస్తుంది. నేను పడక్కుర్చీలో కూర్చుని ఫోను చెవి పక్కన పట్టుకున్నాను. 30 కంపనాలనించి మొదలుపెట్టి అయిదేసి పెంచుతూ 120 దాకా, ఒక్కొక్క స్వరానికీ ఎన్ని డెసిబెల్లో మనవరాలు పాలపద్దు పుస్తకం వెనక రాసింది. అంతా మిట్టపల్లాలుగానే వుంది గాని, 60, 65 దగ్గిరకి వచ్చేసరికి ఏకంగా నుయ్యి! ఇంకా సూక్ష్మంగా చూస్తే ఆ నుయ్యి అడుగు 63 దగ్గిర తేలింది.

"దొరికింది దొంగ" అని వూఫరు ఊడదీయించి, ఆటోలో వేసుకుని మెయిన్ రోడ్డులో స్పీకర్లు బాగుచేసే మేస్త్రీ దగ్గిరకి తీసుకెళ్ళాను. నా పాలపద్దు చూశాడు, నవ్వలేదు. "ఎంత దూరంనించి కొలిచారండీ?" అన్నాడు. పదమూడు, పధ్నాలుగడుగులన్నాను. తన దగ్గిరున్న పెట్టెలో వూఫరు బిగించి, గరాటుకి ఒక్క అంగుళం దూరంలో ఫోను పెట్టించి, 63 మోగించాడు. పక్క స్వరాలెంతో ఇదీ అంతే. నుయ్యీ లేదు, గొయ్యీ లేదు.

"నోటి దగ్గిర చెవి పెడితే మనిషి మాట మాత్రమే వినబడుతుందండీ. దూరంగా వుంటే గది మాట కూడా కలుస్తుంది. మీ స్పీకరుకి రోగం లేదు, గదికి వుందేమో చూసుకోండి" అన్నాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. "బాగుచేసిందేముందండీ?" అన్నాడు.

గదిని బాగుచెయ్యడం ఎల్లాగో నాకొక కథ తెలుసు. 1895లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంవారు ఫాగ్ మ్యూజియంలో కొత్త ఉపన్యాసశాల కట్టుకున్నారు. అందులో ఎవరేం మాట్లాడినా మోతే గాని మాట తెలియదు. దాన్ని బాగుచెయ్యమని వాలెస్ సాబిన్ అనే పడుచు ఉపాధ్యాయుడికి అప్పగించారు. ఆయన రాత్రివేళల్లో పక్కనున్న శాండర్స్ థియేటరునించి మెత్తలు మోయించుకొచ్చి పరిపించి, ఒక ఆర్గాను గొట్టం మోగించి ఆపి, ఆ మోత ఎన్ని సెకన్లకి చల్లారుతుందో గడియారం పట్టుకుని లెక్కగట్టాడు. ఎన్ని మెత్తలకి ఎంత తగ్గిందో చూసి సూత్రం కట్టాడు. గదుల ధ్వనిశాస్త్రం అక్కడే పుట్టింది.

నేనూ సాబిన్ అవతారమెత్తాను. ఇంట్లో వున్న బొంతలూ, రగ్గులూ, జంపఖానా, చివరికి సంక్రాంతికి అల్లుడు వస్తే వేసే పరుపూ అన్నీ గోడలకి నిలబెట్టాను. హాలు రైల్వే గోడౌనులా తయారయింది. మా ఆవిడ మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళింది. ఫలితం ఏమిటంటే, వయొలిను మెరుపు చచ్చిపోయింది. తొప్పి మాత్రం మొదట ఎల్లా వుందో అల్లాగే వుంది. ఎందుకంటే సన్నని స్వరాల అల అంగుళాల్లో వుంటుంది, బొంతలో చిక్కుకుంటుంది. సెకనుకు 63 కంపనాల స్వరానికి ఒక్క అల నిడివి 18 అడుగులు. బొంత మందం అంగుళం. ఏనుగుకి దోమతెర కట్టినట్టు!

18 అడుగులు! ఆ అంకె అనగానే మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మా హాలు పొడవూ 18 అడుగులే.

"తాతయ్యా, నువ్వు 63 మోగిస్తూ వుండు. నేను ఫోను పట్టుకుని గది ఈ చివరనించి ఆ చివరకి నడుస్తాను" అంది మనవరాలు. స్పీకర్ల దగ్గిర గోడవారన మొదలుపెట్టింది. "ఇక్కడ చాలా వుంది... తగ్గుతోంది... ఇక్కడ అసలు లేదు... మళ్ళీ వస్తోంది, నడిమధ్యలో బోలెడుంది... మళ్ళీ పోతోంది... నీ కుర్చీ దగ్గిర లేనే లేదు తాతయ్యా." అల్లా నడుస్తూ పడమటి గోడ దాకా వెళ్ళి పేము కుర్చీలో కూర్చుంది. వెంటనే లేచిపోయింది.

"అమ్మో! నానమ్మ కుర్చీలో ఎవరో వున్నారు!"

మీటరు చూశాను. నా కుర్చీకీ ఆ కుర్చీకీ 18 డెసిబెల్ల తేడా. 10 డెసిబెల్లు పెరిగితేనే చెవికి సుమారు రెట్టింపు మోతగా తోస్తుంది.

ఇందులో కిటుకు ఏమిటో మీకు తొట్టి నీళ్ళతో చెబుతాను. చిన్నప్పుడు మా పెరట్లో నూతి దగ్గిర పొడుగాటి సిమెంటు తొట్టి వుండేది. ఒక చివర అరచేత్తో లయగా తడుతూంటే కాసేపటికి నీళ్ళు ఊగడం మొదలుపెట్టేవి. రెండు చివరలా లేచి పడేవి, నడుమ మాత్రం మట్టం కదిలేది కాదు. ఇంకొంచెం వేగంగా తడితే వరస మారేది. చివరలు లేచినప్పుడు నడుమ కుంగేది, నడుమ లేచినప్పుడు చివరలు కుంగేవి. ఈ మధ్యలో, చివరనించి నాలుగోవంతు దూరంలో వేసిన కాగితప్పడవ పైకీ కిందకీ ఊగేది కాదు.

మూసివున్న గదిలో గాలీ అంతే. మన ఎండల్లో ధ్వని సెకనుకు సుమారు 1,140 అడుగులు పోతుంది. స్పీకరునించి బయల్దేరిన అల ఎదురుగోడని కొట్టి తిరిగొచ్చి, వస్తున్న అలతో కలుస్తుంది. అల నిడివి గది పొడవుతో సరిపోయినప్పుడు కొన్ని చోట్ల రెండూ కలిసి పొంగుతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి. గోడ దగ్గిర ఎప్పుడూ పొంగే. 18లో నాలుగోవంతు నాలుగున్నర. నా తల వుండే చోటు పడమటి గోడకి సరిగ్గా నాలుగున్నర అడుగులు! నేను కాగితప్పడవలో కూర్చున్నాను. ఆవిడ తొట్టి చివర కూర్చుంది. పైగా స్పీకర్లని మూలల్లో పెట్టడంతో ఆ ఊపు బాగా ఎక్కువైంది.

గోలకొండ వెళ్ళినవాళ్ళు చూసేవుంటారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిసార్ దగ్గిర వినిపిస్తుంది. గైడు మనల్ని చెయ్యి పట్టుకుని ఒక చోట నిలబెట్టి మరీ కొట్టమంటాడు. అక్కడ నిలబడే చోటుని బట్టి ధ్వని వుంటుందని నేనూ చిన్నప్పుడే చూశాను. మా ఇంటి హాలూ అల్లాంటిదేనని తట్టలేదు.

మా నాన్నగారి పెంకుటింట్లో ఈ బాధ లేదు. 1948లో విజయవాడ రేడియో కేంద్రం వచ్చాక ఆయన కొన్న రేడియోలో అరచెయ్యంత స్పీకరుండేది. ఈ అడుగు స్వరాలు అది పలికితే కదా పొంగడానికి! పలికినా పెంకుల సందులోంచి, తెరిచిన వీధి తలుపులోంచి సగం వీధిలోకి పోయేవి. ఇప్పటి కాంక్రీటు పెట్టెలోంచి అవి బయటికి పోలేవు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే అర్థమైంది. నేను 'బాస్' మర తిప్పి పెంచినా నా కుర్చీ దగ్గిరున్న నుయ్యి పూడలేదు. పూడదు. ఎంత పోస్తే తిరిగొచ్చే అల అంతా తినేస్తుంది. చుట్టుపక్కల స్వరాలు పెరిగి నాకు చాలినట్టు అనిపించింది, అంతే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదంటారు. నేను అడిగిన ప్రతి గరిటే కడబంతిని కూర్చున్న ఆవిడ విస్తట్లో పడింది. మూడేళ్ళు!

ఆ రాత్రి మనవరాలు నిద్రపోయాక హాల్లోకి వచ్చాను. మరని మామూలుగా నేనుంచే 3 గంటల దగ్గిరే వుంచాను. మా అత్తగారి క్యాసెట్టు పాట పెట్టి, పేము కుర్చీలో కూర్చున్నాను. ఇల్లు కట్టిన ఇన్నేళ్ళలో నేను ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

తొప్పి మీద మొదటి దెబ్బ పడింది. నా వీపు వెనక గోడలోంచి ఎవరో తోసినట్టుంది. రెండోది, మూడోది. వాటి మధ్యన ఎక్కడో, నూతిలో పడ్డ చెంబులా, ఒక ముసలమ్మ గొంతు. ఏ పాటో తెలియలేదు. ఏ మాటా తెలియలేదు. నా పడక్కుర్చీలో ఎన్నోసార్లు విన్న పాట అది. కళ్ళు మూసుకుని పట్టి పట్టి విన్నా మా అత్తగారిని పోల్చుకోలేకపోయాను.

పుట్టినరోజు నాడు ఆవిడ విన్నది ఇదన్నమాట.

స్పీకరు ఆపేసి, చీకట్లో చాలాసేపు అక్కడే కూర్చున్నాను. స్పీకరు తీగలు అటూ ఇటూ మార్చాను, సెల్లు పెట్టి చూశాను, మేస్త్రీ దగ్గిరకి మోశాను, ఇంటినిండా బొంతలు కట్టాను. నాలుగడుగులు నడిచి ఈ కుర్చీలో కూర్చుందామని మాత్రం మూడేళ్ళలో ఒక్క రోజూ తోచలేదు.

తెల్లవారి కాఫీ వేళ వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ డికాక్షను దించుతోంది. చెప్పవలసిన మాటలు రాత్రి చాలా అనుకున్నాను గాని, తీరా నోట్లోంచి వచ్చింది ఒకటే.

"రాత్రి నీ కుర్చీలో కూర్చున్నాను" అన్నాను.

ఆవిడ గ్లాసు నా చేతికిచ్చింది. "వినబడిందా?" అంది.

"మీ అమ్మగారి గొంతు వినబడలేదు."

ఆవిడ కొంచెంసేపు ఊరుకుంది. తరవాత, "నేనూ మీ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు లెండి" అంది.

ఆ మాట అనవలసిన అవసరం ఆవిడకి లేదు. అయినా అంది.

మధ్యాహ్నం ముగ్గురం కలిసి హాలు సర్దాం. ముందు స్పీకర్లని మూలల్లోంచి ఇవతలికి లాగాం. 'బాస్' మర మళ్ళీ 12 గంటల దగ్గిరకి తెచ్చాను. మనవరాలు మళ్ళీ ఫోను పట్టుకుని, పడమటి గోడకీ నా పాత చోటుకీ మధ్యన నడిచి, సరిగ్గా సగంలో, గోడకి రెండుంపావు అడుగుల దగ్గిర ఆగింది. అక్కడ గోడ దగ్గిరున్నంత పొంగూ లేదు, నా చోట వున్నంత కరువూ లేదు. పక్క స్వరాలకి దీటుగా వుంది. చాక్ పీసుతో గీత గీసింది. అదీ నిర్దోషమని చెప్పను. ఏ గదిలోనూ అన్ని స్వరాలకీ బాగుండే చోటంటూ వుండదు. కాని గొంతు వినబడుతుంది, తొప్పీ వినబడుతుంది. నేను రెండుంపావు అడుగులు వెనక్కి జరగాలి, ఆవిడ రెండుంపావు అడుగులు ముందుకి జరగాలి.

నా పడక్కుర్చీ లాగేశాను. పేము కుర్చీ దగ్గిర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఆవిడే వచ్చి, దాని రెండు చేతులూ పట్టుకుని, తనే గీత దాకా జరుపుకుని, నా కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. గోడకి ఇన్నేళ్ళ కుర్చీ మచ్చ అల్లాగే వుండిపోయింది.

"పెట్టండి" అంది.

పెట్టాను. ముందు కొంచెం గరగర. రవ్వ అద్దిన తొప్పిని మా బావమరిది సవరించుకుంటున్న చప్పుడు. తరవాత స్పష్టంగా, ఎదురుగా పీట మీద కూర్చుని అన్నట్టుగా,

"హారతిపాటకి నీ మృదంగమెందుకురా, అబ్బీ!"

మా ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు వొత్తుకుంది. పాట ఆసాంతం విన్నది. అయిపోయాక నావైపు తిరిగి,

"చూశారా, ఆ మృదంగం దగ్గిరే వుంది చిక్కంతా. అమ్మకి అప్పుడే తెలుసు" అంది.